ఊపిరి పీల్చని బిళ్ళ

తూకాల గదిలోకి వెళ్ళేటప్పుడు చెప్పులతో పాటు మాటల్ని కూడా బయటే వదిలేయాలి. లోపల ఎవరైనా తుమ్మితే కాటా మీద అంకెలు గంతులేస్తాయి. పక్కన నిలబడి గట్టిగా ఊపిరి వదిలినా కదులుతాయి. ఆ గదికి కిటికీల్లేవు. ఎంత చల్లగా ఉండాలో, ఎంత తేమ ఉండాలో గోడకున్న ఏసీ మెషీనే చూసుకుంటుంది. రోజంతా అందులో ఒంటరిగా కూర్చుని, గుండ్రటి తెల్లటి ఫిల్టర్లను ట్వీజరుతో అంచు పట్టి ఎత్తి తూచే మనిషిని ఆఫీసులో అందరూ తూకాలమ్మ అంటారు. వయసుకి మించిన పేరే అయినా ఆమెకి అలవాటైపోయింది. ఫిల్టర్లను అక్కడ ఎవరూ ఫిల్టర్లనరు, బిళ్ళలంటారు.

ఆ ఉదయం ఆమె కాటా మీద పెట్టిన బిళ్ళ తాలూకు డబ్బీ మూతకి ఎర్ర చుక్క ఉంది. అంటే అది ఊపిరి పీల్చని బిళ్ళ. మిగతా బిళ్ళల్లాగే దాన్నీ పెట్టెలో పెట్టి మిద్దె మీదికి తీసుకెళతారు, మెషీన్లో అమరుస్తారు, కానీ మెషీన్ ఆన్ చేయరు. అలాగే తీసేసి, మిగతావాటితో పాటు వెనక్కి తెచ్చి తూస్తారు. వెళ్ళినప్పుడెంత బరువుందో వచ్చినప్పుడూ అంతే ఉండాలి. అలా ఉంటే దారిలో ఎక్కడా మురికి అంటలేదన్నమాట. అప్పుడే మిగతా బిళ్ళల మీద పేరుకున్నదంతా గాలిలోని ధూళేనని ధైర్యంగా చెప్పగలరు.

ఆ బిళ్ళ బరువెక్కింది.

ఆమె దాన్ని దించి, కాటా తలుపు మూసి, సున్నా దగ్గర నిలిచేదాకా ఆగి మళ్ళీ పెట్టింది. ఊపిరి బిగబట్టింది. అంకె కాసేపు అటూ ఇటూ ఊగి అక్కడే ఆగింది. తర్వాత అదే పెట్టెలో వచ్చిన మరో బిళ్ళను తూచింది. అది ఒక పగలూ ఒక రాత్రీ మిద్దె మీద గాలి లాగిన బిళ్ళ. రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూసుకుంది. గాలి లాగిన బిళ్ళ కన్నా, ఏమీ లాగకుండా ఊరికే పడుకున్న బిళ్ళే ఎక్కువ బరువెక్కి ఉంది.

"చెయ్యి తగిలుంటుందమ్మా," అన్నాడు ఆఫీసరు, కాగితాల మీంచి తల ఎత్తకుండా.

"తగల్లేదు సార్."

"మరి దానికి కాళ్ళొచ్చి షికారుకెళ్ళిందా?" అన్నాడు. అలా అన్నందుకు తనే నవ్వి, అంతలోనే మొహం గంభీరంగా పెట్టుకున్నాడు. "ఈ పోలిక తేలితేనే కొత్త మెషీన్లు కొంటారు. మధ్యలో ఇలాంటివొస్తే మొత్తం చెత్తబుట్టలోకే. రేపటి నుంచి జాగ్రత్త."

పోలిక అంటే, కంటికి ఆననంత సన్నటి ధూళి గాలిలో ఎంతుందో కొలిచే మెషీన్లను ఒకదానితో ఒకటి పోల్చి చూడటం. ఇనుప కాళ్ళ మీద నిలబడే పాతదాని పేరు పెద్దమ్మ. దాని మాట మీద ఎవరికీ అనుమానం లేదు, కాకపోతే మోయాలంటే ముగ్గురు కావాలి. కొత్తవి మూడు. కరెంటు స్తంభానికి తగిలించుకోవచ్చు, బ్యాటరీతో నడుస్తాయి, పేరు పిల్లలు. నాలుగింటినీ ఒకే మిద్దె మీద పక్కపక్కన నిలబెట్టి, పెద్దమ్మ చెప్పే మాటే పిల్లలూ చెబుతున్నాయో లేదో చూడాలి. చెబితే వాటిని వీధి వీధికీ పెడతారు. తూకాలమ్మ ఉండే వీధి కూడా పిల్లల్ని పెట్టబోయే వీధుల జాబితాలో ఉంది. ఆ సంగతి తెలిసిన రోజు ఆమె ఇంటికి స్వీట్లు పట్టుకెళ్ళింది.

ఆ మధ్యాహ్నం బడి మిద్దె మీద ఎవరూ లేరు. చుట్టూ చెట్లు, విశాలమైన ఇళ్ళు, తుడిచినట్టుండే రోడ్లు. మంచి గాలి ఆడే చోటు. నాలుగు మెషీన్లూ వరసగా నిలబడి ఒకే స్థాయిలో సన్నగా రొద చేస్తున్నాయి. రోజూ వినేదే. కానీ ఆ రోజు మెట్ల మీంచి తల పైకెత్తేసరికి, నలుగురు మనుషులు తన కోసం ఎదురుచూస్తూ ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించి ఆమె రెయిలింగు పట్టుకుని ఆగిపోయింది.

"ఏంటి తూకాలమ్మా, దయ్యాన్ని చూసినట్టు నిలబడ్డావ్?" అన్నాడు వెనకాలే వైర్ల చుట్ట భుజాన వేసుకుని వస్తున్న ఎలక్ట్రీషియన్. అతన్ని ఫ్యూజు అంటారు. వయసులో పెద్దవాడు కాబట్టి ఆమె ఒక్కతే చివర అన్న తగిలిస్తుంది.

"ఏం లేదు ఫ్యూజన్నా. ఊరికే."

"రెండో పిల్ల మాత్రం పోకిరీది. పొద్దున్నే మంచు కురిస్తే చాలు, లేనిపోనివన్నీ చెబుతోంది. మిగతా ఇద్దరూ బుద్ధిమంతులు, పెద్దమ్మ గీత దాటట్లేదు."

ఆమె కొత్త గ్లవుజులు తొడుక్కుంది. ఒక్కో మెషీన్ తల విప్పి, పాత బిళ్ళను డబ్బీలో పెట్టి, కొత్తది అమర్చింది. ఎర్ర చుక్క బిళ్ళ వంతు వచ్చినప్పుడు ఫ్యూజుని దూరంగా జరగమంది. గాలివాలుకి వీపు పెట్టి నిలబడి, పెద్దమ్మలో దాన్ని అమర్చి, ఆన్ చేయకుండానే తీసి డబ్బీలో పెట్టి మూత నొక్కింది. టక్ మని చప్పుడయ్యేదాకా నొక్కింది.

"నువ్వూ చూశావుగా అన్నా? చెయ్యి తగల్లేదు."

"చూశా తల్లీ. కోర్టులోనైనా చెబుతా."

అక్కడి పని ముగిసేసరికి ఆఫీసుకి తాళం పడిపోతుంది. పెట్టె నేరుగా తూకాల గదికే చేరాలని రూల్స్‌లో ఉంది. "ఇంటికి పట్టుకెళ్ళి పొద్దున్నే తీసుకురా, ఏం కొంప మునగదు," అని మొదటి రోజే ఆఫీసరు చెప్పాడు. ఆమె పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంది. ఊరు దాటుతున్న కొద్దీ చెట్ల ఆకులు ఆకుపచ్చ రంగు మానేసి బూడిద రంగులోకి తిరిగాయి.

వాళ్ళ వీధి చివర కంకర క్రషర్ ఉంది. పగలు చూస్తే పాపం అది పడుకునే ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్ళు గేటు దగ్గర టీ తాగి, అంతా బాగుందని రాసుకుని పోతారు. వెలుగు తగ్గాక మొదలవుతుంది దాని పని. ముందు నేల కాస్త వణుకుతుంది, తర్వాత గిన్నెల మూతలు గలగలమంటాయి, ఆ తర్వాత వీధి దీపాల చుట్టూ ఏదో తెరలా దిగుతుంది. అది దిగడం ఎవరూ చూడరు. తల ఎత్తేసరికి దిగి ఉంటుంది, అంతే.

అక్క ఎప్పట్లాగే కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడదు కాబట్టి నిద్ర కూడా ఆ కుర్చీలోనే.

"వచ్చావా చిన్నీ? ఇవాళ తూకం ఎలా ఉంది?"

"ఏం చెప్పను అక్కా. ఎర్ర చుక్కది బరువెక్కింది. నా చెయ్యి మంచిది కాదంటున్నారు."

అక్క వీధి వైపు చూస్తూ కాసేపు దగ్గింది. ఆ దగ్గుకి ఊరంతా తిరిగి మందులు వాడారు. ఇల్లు శుభ్రంగా ఉంచుకోండని ప్రతి డాక్టరూ చెప్పాడు. వాళ్ళు చెప్పారు కదా అని అక్క తెల్లవారకముందే తడిగుడ్డ పట్టుకుని గట్లు, అలమరలు, గ్లాసులు, తలుపు గడియలతో సహా తుడుస్తుంది. తూకాలమ్మ నిద్ర లేచేసరికి ఇల్లు అద్దంలా ఉంటుంది. అంత శుభ్రమైన ఇంట్లో పెట్టెకి ఏమవుతుందని? ఆమె దాన్ని అలమరలో పెట్టి వంట మొదలుపెట్టింది.

"ఆ పెద్ద మెషీన్ని ఒక్క రోజు మన కిటికీ దగ్గర పెట్టమని అడిగావా?" అంది అక్క వెనక నుంచి.

"ఎన్నిసార్లు అడగను? జాబితాలో ఉన్న చోట్లే పెట్టాలంటారు. పోలిక అయిపోనీ, పిల్ల మెషీన్ ఒకటి మన వీధికే వస్తుంది."

"వస్తుందిలే," అంది అక్క. ఆ మాట ఎవరినో ఊరడిస్తున్నట్టుంది.

రెండో ఎర్ర చుక్క బిళ్ళ కూడా బరువెక్కింది. మూడోది ఇంకాస్త ఎక్కువే ఎక్కింది.

తూకాలమ్మకి తన మీద తనకే భయం పట్టుకుంది. గదిని నేల నుంచి కప్పు దాకా తుడిచింది. గోళ్ళు కత్తిరించుకుంది. తలకి గుడ్డ చుట్టుకుంది. చేతులు కడిగిన నీళ్ళ వైపు కూడా అనుమానంగా చూసింది. ఎన్నడూ గది దాటని బిళ్ళనొకదాన్ని తీసి తూచింది. అది మొదటి రోజు ఎంతుందో అంతే ఉంది, వెంట్రుక వాసి తేడా లేదు. అంటే కాటా అబద్ధం చెప్పడం లేదు, గదీ తప్పు చేయలేదు. గది దాటి వెళ్ళినదాని మీదే ఏదో వచ్చి కూర్చుంటోంది. మూసిన డబ్బీలో, నొక్కిన మూత కింద, ఎవరూ ముట్టని బిళ్ళ మీద. ఆమె మూడో బిళ్ళను దీపం కిందికి తెచ్చి చూసింది. గాలి లాగిన బిళ్ళల మీద ధూళి గుండ్రంగా, మధ్యన గట్టిగా అచ్చు వేసినట్టుంటుంది. దీని మీద అలా లేదు. అంచు నుంచి అంచు దాకా, నిద్రపోతున్న మనిషి మీద దుప్పటి కప్పినట్టు మెత్తగా పరుచుకుని ఉంది. అది చూసిన కాసేపు ఆమె ట్వీజరు కింద పెట్టలేకపోయింది.

ఫ్యూజు కూడా హాస్యాలు మానేశాడు. మిద్దె మీద ఆమె పెట్టె తెరిచినప్పుడు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేసేవాడు.

"ఆ మురికికి మూలం దొరికేదాకా పని ఆపాలి, అది రూలు," అన్నాడు ఆఫీసరు. "కానీ ఆపితే నా మెడకి చుట్టుకుంటుంది. ఒక పని చెయ్యి. చేతి పొరపాటు అని రాసి సంతకం పెట్టు. ఆ మూడూ కొట్టేద్దాం. నీ ఉద్యోగానికేం కాకుండా నేను చూసుకుంటా."

"నా చెయ్యి కాదు సార్."

"ఎవరి చెయ్యో చెప్పు మరి."

ఆమె ఎల్లుండి చెబుతానని బయటపడింది. చేయని తప్పుకి సంతకం పెట్టాలంటే మనసొప్పడం లేదు. పెట్టకపోతే పోలిక పోతుంది, పోలిక పోతే పిల్ల మెషీన్ తమ వీధికి రాదు. బస్సులో పెట్టెను ఒళ్ళో పెట్టుకోకుండా పక్క సీట్లో పెట్టింది.

మర్నాడు తెల్లవారుతూండగా అక్క పిలుపుకి ఆమె ఉలిక్కిపడి లేచింది. పిలుపు కూడా కాదు, ఈల లాంటి ఊపిరి. అక్క కుర్చీ చేతుల్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగి ఉంది. మందు పీల్పించి, వీపు రాసి, వేడినీళ్ళు తాగించేసరికి బయట బాగా వెలుగొచ్చింది. అక్క తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. ఆ రోజు ఇల్లు తుడవడానికి ఎవరూ లేకపోయారు.

అప్పుడు చూసింది తూకాలమ్మ తన ఇంటిని. అలమర మీద, గ్యాసు పొయ్యి మీద, నిన్న రాత్రి కడిగి బోర్లించిన పళ్ళేల మీద, అక్క భుజాల మీద, అన్నిటి మీదా అదే దుప్పటి. ఆమె నడిచిన చోటల్లా నేల మీద పాదాలు పడి ఉన్నాయి. మంచం నుంచి కుర్చీ దాకా, కుర్చీ నుంచి పొయ్యి దాకా. అన్నేళ్ళుగా తెల్లవారకముందే ఎవరో చెరిపేస్తూ వచ్చిన పాదాలు.

కిటికీ గట్టు మీద మాత్రం ఒకచోట ధూళి లేదు. అక్కడ గుండ్రంగా, ఎవరో గీసినట్టు తెల్లటి సున్నా ఉంది. ఆమె అలమర తెరిచి, పెట్టెలోంచి ఎర్ర చుక్క డబ్బీని తెచ్చి ఆ సున్నాలో ఆనించింది. సరిగ్గా సరిపోయింది.

"నేనే చిన్నీ," అంది అక్క కళ్ళు తెరవకుండా. "నువ్వు నిద్రపోయాక మూత తీసి అక్కడ పెట్టేదాన్ని. తెల్లారేలోపు మూసి పెట్టెలో పెట్టేసేదాన్ని. ఇవాళ దాన్ని మూసి పెట్టెలో పెట్టేదాకా ఎలాగో ఓర్చుకున్నాను, గుడ్డ తీసే ఓపికే లేకపోయింది."

"ఎందుకే అక్కా?" తూకాలమ్మ డబ్బీని గట్టు మీంచి తీసేసింది. "నా మీద పడిందే అంతా!"

"నీ పనికి అడ్డం రాకూడదనే ఎర్ర చుక్కది తీశానే. దాన్ని పెట్టినా మెషీన్ ఆన్ చెయ్యరని నువ్వే చెప్పావు కదా. పనిలో లేనిది, దాంతో ఎవరికేం నష్టం అనుకున్నా." అక్క ఊపిరి కూడదీసుకుంది. "నేను ఎంత మందికి చెప్పినా ఇల్లు తుడుచుకోమన్నారు. నా మాట ఎవరూ నమ్మరు. నీ కాటా నమ్ముతుందేమోనని."

తూకాలమ్మకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు చూపించాలో తెలియక అక్క భుజాల మీది ధూళిని చేత్తో దులిపింది. అది గాలిలోకి లేచి, ఎండలో కాసేపు తిరిగి, మళ్ళీ అక్క భుజాల మీదే దిగింది.

ఆఫీసులో ఆమె ఏదీ దాచలేదు. ఆఫీసరు విన్నంతసేపూ పెన్ను మూత తీసి పెడుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రం నుంచి పెట్టెను ఆమె ఇంటికి పంపలేదు, వాచ్‌మన్‌కి తాళంచెవి ఇచ్చి నేరుగా తూకాల గదికే చేర్పించాడు. తర్వాత వచ్చిన ఎర్ర చుక్క బిళ్ళ వెళ్ళినంత బరువుతోనే తిరిగొచ్చింది. దాని మర్నాటిది కూడా అంతే. ఆయన మొహం విప్పారింది.

"చూశావా! మూలం పోయింది. ఇక సంతకం పెట్టేసెయ్. కావాలంటే చేతి పొరపాటు అనొద్దు, దారిలో పొరపాటు అని రాయి."

"మూలం పోలేదు సార్," అంది ఆమె. "మనం పెట్టెని తీసేశాం, అంతే. మూలం అక్కడే ఉంది."

ఆయన చేతిలోని పెన్ను ఆగింది. పక్కన ప్లగ్గు బిగిస్తున్న ఫ్యూజు తల ఎత్తాడు.

"అది కిందికి దిగే ముతక ధూళమ్మా," అన్నాడు ఆఫీసరు చివరికి, చిన్నపిల్లకి చెప్పినట్టు. "మనం కొలిచేది అది కాదు. మనం కొలిచే సన్నది దిగదు. తేలుతూనే ఉంటుంది."

"ఊరికే కూర్చున్న బిళ్ళ మీదికి దిగిందే ఇంతుంటే, దిగకుండా తేలేది ఎంతుంటుంది సార్? బిళ్ళ ఊపిరి పీల్చలేదు. మా అక్క పీలుస్తోంది." ఆమె బల్ల మీది కాగితాన్ని తన వైపు లాక్కుంది. "మూలం దొరికేదాకా వెతకాలని రూల్లోనే ఉంది. దొరికింది. నేను ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెడతా. పెట్టెను ఇంటికి తీసుకెళ్ళానని, మీరు తీసుకెళ్ళమన్నారని, మా కిటికీలో మూత తెరిచి ఉందని. అలాగైతే పెడతా."

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది శుభ్రంగానే ఉంది.

"అలా రాస్తే నిన్ను తూకాల మీద ఉంచలేను. తెలుసుగా?"

"తెలుసు సార్."

"నన్ను కూడా అడుగుతారు." ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఆమె వైపు కాకుండా ఫ్యూజు వైపు తిరిగాడు. గొంతులో చిరాకు దాచుకోలేదు. "మూలం ఎంతో తేల్చకుండా ఫైలు ముయ్యలేం. బడి మిద్దె మీద పోలిక అయిపోయింది కదా, పెద్దమ్మని దించు. తిన్నగా గోదాముకి పంపక్కర్లేదు. ఈవిడ ఇంట్లో కొన్నాళ్ళు పెట్టండి."

ఆమె తూకాల గది తాళంచెవి ఆయన బల్ల మీద పెట్టి వచ్చేసింది. అన్నాళ్ళు కూర్చున్న స్టూలుని చివరిసారి చూసుకోవాలని కూడా తోచలేదు.

పెద్దమ్మని ముగ్గురు మనుషులు మోసుకొచ్చి కిటికీ పక్కన, అక్క కుర్చీకి ఎదురుగా నిలబెట్టారు. తల కిటికీలోంచి బయటికి, ఒళ్ళు లోపలికి. ఫ్యూజు వైరు లాగి, ప్లగ్గు పెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తువ్వాలు వైపు ఒకసారి చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్నే తనే వచ్చి బిళ్ళ మారుస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. తూకాలమ్మ బిళ్ళ ముట్టుకోకూడదు, ఇప్పుడది ఆమె పని కాదు.

వెలుగు తగ్గింది. నేల వణికింది, గిన్నెల మూతలు గలగలమన్నాయి. వీధి దీపం చుట్టూ తెర దిగింది. ఈసారి ఇంటి లోపల కూడా ఒకటి ఊపిరి పీలుస్తోంది. సన్నగా, ఆగకుండా, ఎక్కడా తడబడకుండా లోపలికి లాక్కుంటూనే ఉంది. దాని ఎదురుగా అక్క ఊపిరి ఈల వేస్తూ, ఆగుతూ, మళ్ళీ అందుకుంటూ ఉంది. తూకాలమ్మ వంట ఆపి ఆ రెంటినీ వింటూ నిలబడింది. కాసేపటికి ఏది ఎవరిదో విడదీయడం కష్టమైపోయింది.

"చిన్నీ," అంది అక్క.

"ఏంటక్కా?"

"పొద్దున ఆయనొచ్చి దీని బిళ్ళ మారుస్తానన్నాడు కదూ?"

"ఊఁ. రోజూ మార్చాలి. నిండిపోతే లాగలేదు, మోటారు పాడైపోతుంది."

అక్క చెయ్యి చాచి మెషీన్ ఇనుప ఒంటి మీద వేసింది. కాసేపు అలాగే ఉంచి, దాని వణుకు తెలుసుకున్నట్టు మెల్లగా నిమిరింది.

"అదృష్టవంతురాలు," అంది. "దీనికైతే మారుస్తారు."

తూకాలమ్మ గిన్నె దించి, వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. అక్క ఒళ్ళో తల పెట్టుకుంది.